తడబడితే తడబడనీ

పోయిన చలికాలం మా భాంజా కార్డిఫ్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. వాడక్కడ చదువుకుంటున్నాడు. వానకు తడిసిన రోడ్డు, దాని మీద తెల్ల రంగుతో నాలుగు పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. ఎ, ఆర్, ఎ, ఎఫ్. "మామూ, ఇక్కడ రోడ్డు మీద ఆరాఫ్ అని రాసుంది, చూశారా?" అని రాశాడు. నేనూ కాసేపు హైరాన్ అయ్యాను. ఆరాఫ్ అంటే మనకు తెలిసింది జన్నత్‌కీ జహన్నుమ్‌కీ నడుమ ఉండే చోటే కదా. తర్వాత వాడే చెప్పాడు. అది వెల్ష్ జుబాన్. 'అరవ్' అని పలకాలట. మెల్లగా వెళ్ళు అని అర్థం.

ఆ వెంటనే ఒక పాట పంపి, "దీన్ని పాడినాయన కొంచెం తిక్కమనిషి. మీకు నచ్చుతాడు" అన్నాడు. వాడి అందాజా తప్పలేదు.

పేరు గ్రిఫ్ రీస్. 1970లో పుట్టాడు. ఉత్తర వేల్స్‌లో బెథెస్డా అనే పలకరాతి గనుల ఊళ్ళో పెరిగాడు. ఇంట్లో వెల్ష్, బడిలో వెల్ష్. అబ్బా కౌంటీ కౌన్సిల్‌లో పెద్ద అధికారి, కొండలెక్కే షౌక్ ఉన్న రచయిత కూడా. ఈయనది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ళ గిటారునే తలకిందులుగా పట్టుకుని వాయిస్తాడు. కచేరీలో మాట్లాడే బదులు అట్టముక్కలు ఎత్తి చూపిస్తాడు. ఒకదాని మీద 'చప్పట్లు' అని, ఇంకోదాని మీద 'ఇంకా గట్టిగా' అని ఉంటుంది. ఏళ్ళ తరబడి హోటళ్ళలో ఇచ్చే చిన్న చిన్న షాంపూ బుడ్డీలన్నీ దాచుకుని, వాటితో ఒక బుల్లి హోటల్ కట్టాడు. 2011లో వచ్చిన ఆల్బమ్‌కి 'హోటల్ షాంపూ' అనే పేరు పెట్టాడు.

కుర్రతనంలో పెట్టిన బ్యాండు పేరుకి వెల్ష్‌లో 'అందరి కాఫీ గింజలు' అని అర్థం. గబగబా పలికితే మాత్రం ఇంగ్లీషులో పచ్చి బూతులా వినపడుతుంది. 1993లో దోస్తులతో కలిసి 'సూపర్ ఫర్రీ ఆనిమల్స్' మొదలుపెట్టాడు. లండన్ కంపెనీ చేతికి దొరికాక ఇంగ్లీషులో పాడారు, మషూర్ అయ్యారు. కంపెనీ డబ్బుతో ఒక పాత మిలిటరీ ట్యాంకు కొని, నీలం రంగు వేసి, గుండ్లకు బదులు స్పీకర్లు పెట్టి, సంగీతం మేళాలకు తోలుకుపోయారు.

ఆ తర్వాత చేసిన పని నన్ను ఆపేసింది. ఆ కంపెనీ మూతపడింది. అప్పుడు వీళ్ళు చాలా తక్కువ డబ్బుతో, మొత్తం వెల్ష్‌లోనే చేసిన ఒక ఆల్బమ్‌ని సొంతంగా విడుదల చేశారు. 2000లో వచ్చింది. పేరు పలికితే మన చెవికి మూంగ్ దాల్ గుర్తొస్తుంది, కానీ అర్థం గుర్రం జూలు. అది బ్రిటన్ మొత్తం పట్టికలో 11వ స్థానానికి వెళ్ళింది. లండన్ పార్లమెంటులో ఒక వెల్ష్ ఎంపీ అభినందన తీర్మానం పెట్టాడు. 2021 లెక్కల ప్రకారం వేల్స్‌లో ఆ జుబాన్ మాట్లాడేవాళ్ళు 5 లక్షల 38 వేల మంది. నూటికి పద్దెనిమిది మంది కూడా లేరు. ఒకప్పుడు బళ్ళో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడకు చెక్కముక్క వేలాడదీసిన దేశం అది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. మొదటి రోజు పాఠం చదవమంటే ళ, ణ పలకలేక నోరు తిరగలేదు. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు, దిద్దనూ లేదు. "ఊ, చదువు, ఆగకు" అన్నారు. మూడేళ్ళూ అదే మాట. ఆ మాట పుణ్యమే ఇవాళ నేను తినే పత్రిక రోటీ.

అదే నేను నా బిడ్డకు ఏం చేశాను? మూడేళ్ళ కింద అది దాదీమాతో, "చాయ్ ఠండా హోగయా దాదీ, తాగేయండి" అంది. నేను పేపరు మీంచి తల ఎత్తకుండానే, "ఠండా కాదు, ఠండీ. చాయ్ స్త్రీలింగం. సగం తెలుగు కలిపి అదేం ఉర్దూ?" అన్నాను. అమ్మీ కూడా జిందగీ అంతా 'ఠండా' అనే అంది. మన దక్నీ అదే. నాకు బళ్ళో నేర్పిన ఉర్దూ మదిలో మెదిలింది, ఇంట్లో వినే ఉర్దూ వినపడలేదు. బిడ్డ ఏం అనలేదు. ఆ రోజు నుంచి నాతో తెలుగే. దాదీమాతో కూడా నేను లేనప్పుడే మాట్లాడుతుందని అమ్మీ తర్వాతెప్పుడో చెప్పింది.

గ్రిఫ్ రీస్ 2005లో ఒంటరిగా ఒక వెల్ష్ ఆల్బమ్ చేశాడు. దాని పేరుకి 'నత్తి తరం' అని అర్థం. అందులోనూ ఒక కొంటె శ్లేష ఉంది. కాస్త మారిస్తే సంతాన నిరోధం అనే అర్థం వస్తుంది. ఆ పేరు అర్థం తెలిసిన రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. మాట తడబడే తరానికీ, అసలు పుట్టకుండా పోయే తరానికీ మధ్య దూరం అంతేనా?

ఆయన రాసిన ఒక పుస్తకం కథ కూడా వినండి. 12వ శతాబ్దంలో మదోగ్ అనే వెల్ష్ రాజకుమారుడు అమెరికా చేరాడనీ, అక్కడ వెల్ష్ మాట్లాడే ఆదివాసులు ఉన్నారనీ వేల్స్‌లో ఒక నమ్మకం ఉండేది. వాళ్ళను వెతకడానికి 1792లో జాన్ ఇవాన్స్ అనే పల్లెటూరి కుర్రాడు ఓడెక్కాడు. స్పెయిన్ వాళ్ళు గూఢచారి అనుకుని జైల్లో పెట్టారు. బయటపడి, మిస్సోరీ నది పైకి వెళ్ళి, మండన్ తెగవాళ్ళతో ఒక చలికాలం గడిపాడు. వెల్ష్ మాట ఒక్కటీ వినపడలేదు. 1799లో న్యూ ఆర్లీన్స్‌లో కన్నుమూశాడు. అప్పటికి ముప్పై ఏళ్ళు నిండలేదు. గ్రిఫ్ ఆయన్ని తన దూరపు బంధువంటాడు. మూడడుగుల బట్టబొమ్మను జాన్ ఇవాన్స్ అని చెప్పి వెంటబెట్టుకుని, అదే దారిలో ఊరూరా కచేరీ చేసుకుంటూ వెళ్ళాడు. 2014లో ఆ సఫర్ పుస్తకంగా, సినిమాగా, ఆల్బమ్‌గా వచ్చింది. పేరు 'అమెరికన్ ఇంటీరియర్'.

నేనూ జాన్ ఇవాన్స్‌నే అనిపించింది. ఎక్కడా లేని ఖాలిస్ ఉర్దూని వెతుకుతూ, వంటింట్లో ఉన్న జుబాన్ నోరు మూయించాను. మనలో చాలామందిమి ఇదే చేస్తున్నాం. పెళ్ళిళ్ళలో, దావతుల్లో కూర్చుని "ఉర్దూ ఖతం అయిపోతోంది" అని ఆహ్ అంటాం. పిల్లలు నోరు తెరిస్తే తల్‌ఫ్ఫుజ్ దిద్దుతాం. గ్రిఫ్ రీస్ ఏడవడు. తన జుబాన్‌తో ఆడుకుంటాడు. ఇంగ్లీషులో పాడతాడు, మళ్ళీ ఇంటికొస్తాడు. 2025లో వచ్చిన వెల్ష్ ఆల్బమ్ పేరు 'డిమ్ ప్రాబ్స్'. సగం వెల్ష్, సగం ఇంగ్లీషు. మనం 'నో ఫికర్' అన్నట్టు.

పోయిన ఆదివారం అమ్మీకి జ్వరం. నేను వరండాలో ఉన్నాను. లోపల బిడ్డ అంటోంది, "దాదీమా, దవా ఖాయా క్యా? లేకపోతే అబ్బాతో చెప్తా." దవా కూడా స్త్రీలింగమే. నోటి దాకా వచ్చింది.

మింగేశాను. కాసేపాగి లోపలికి వెళ్ళి, "నాకూ చాయ్ దేవ్ బేటా, యే తో ఠండా హోగయా" అన్నాను. అది నా వైపు వింతగా చూసింది. తర్వాత అమ్మీ నవ్వింది, అదీ నవ్వింది.

"లాతూఁ అబ్బా," అంది.