సీనాయి మఠం, మా ఇంటి అటక

కొన్ని నెలలుగా నేను ఈజిప్టు దేశంలో సీనాయి కొండల నడుమనున్న సెయింట్ కేథరిన్ క్రైస్తవ మఠాన్ని గూర్చి దొరికినదల్లా చదువుతున్నాను. తెలుగు పండితునికి ఎడారి మఠంతో పనేమిటని మా శ్రీమతి హాస్యమాడింది. పని ఉన్నది. కడపట చెబుతాను.

ఆరవ శతాబ్దిలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన మఠమది. సముద్రమట్టానికి దాదాపు 1500 మీటర్ల ఎత్తున, కోటవంటి రాతిగోడ నడుమ ఉన్నది. సన్యాసులు నేటికీ అందులోనే నివసిస్తున్నారు. చర్చి కప్పును మోస్తున్న దూలాలు ఆనాటివేనంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. వాటిపై గ్రీకు అక్షరాలు చెక్కి ఉన్నాయి. చక్రవర్తికి క్షేమాన్నీ, అప్పటికే గతించిన రాణి థియోడోరాకు ఆత్మశాంతినీ కోరే మాటలవి. ఆ ప్రక్కనే కట్టుబడి చేసిన స్టెఫనోస్ అనే శిల్పి తనపై కూడ దయ చూపమని దేవుని వేడుకొన్నాడు. చక్రవర్తి పేరున్న దూలాల వరుసలోనే మేస్త్రీ పేరూ నిలిచింది.

అంత పాత కట్టడం ఊరకే నిలుస్తుందా? పద్దెనిమిదవ శతాబ్ది చివర వానలకు ఉత్తరపు గోడ కొంత కూలితే, నెపోలియన్ దండయాత్రతో వచ్చిన ఫ్రెంచివారు 1801లో దానిని తిరిగి కట్టించారు. గర్భాలయపు గోడమీద రంగుగాజు ముక్కలతో కూర్చిన క్రీస్తు రూపాంతర చిత్రం గోడను వదలి ఉబ్బిపోగా, 1958 తరువాత వెళ్లిన అమెరికా పండితుల బృందం దానిని తిరిగి అంటింపజేసింది. మన శతాబ్దిలో ఇటలీ నిపుణులు మరల ఏళ్లతరబడి శ్రమించారు. ఆ పనీ, గ్రంథాలయపు నవీకరణా ముగిసి 2017లో ప్రారంభోత్సవం జరిగింది. ఇల్లు కట్టి చూడు అన్నవాడు బాగుచేసి చూడు అని ఎందుకనలేదో!

నన్ను పట్టి నిలిపినది మాత్రం 1975 నాటి సంగతి. అంతకు నాలుగేళ్ల ముందు మఠంలో అగ్నిప్రమాదం జరిగింది. 1975లో సన్యాసులు ఉత్తరపు గోడ వైపు, సెయింట్ జార్జి ప్రార్థనాలయం క్రింద, మన్నూ రాళ్లూ తొలగిస్తుండగా మరుగుపడిన గది ఒకటి బయటపడింది. అందులో మట్టితో కలిసిపోయి వ్రాతప్రతులు! ఆ మట్టిని వారు పారబోయలేదు. చేతులతో ఏరి, తునక తునకనూ పెట్టెలలో భద్రపరచారు. లెక్కకు వేయి పైచిలుకు ప్రతులు తేలాయి. ప్రసిద్ధమైన సీనాయి బైబిలు ప్రతికి చెందిన పత్రాలు పన్నెండు కూడ వాటిలో ఉన్నాయి. (1844లో టిషెండార్ఫ్ అనే జర్మను పండితుడు ఆ గ్రంథపు పత్రాలు కొన్ని పట్టుకుపోయి, నిప్పులో వేయబోయే చెత్తబుట్టలోంచి తాను కాపాడానని వ్రాసుకొన్నాడు. మఠంవారు ఆ మాటను ఒప్పుకోరు. 1975లో వారు చేసిన పని చూశాక నేను మఠంవారి పక్షమే.)

ఆ ప్రతులలో రెండింటిని జార్జియా పండితుడు అలెక్సిడ్జె పరిశీలించాడు. తోలు పత్రాలను గీకివేసి, వాటిపై మరల వ్రాసిన ప్రతులవి. 1996లో ఆయన అడుగునున్న అక్షరాలను గుర్తుపట్టాడు. కాకసస్ ప్రాంతపు అల్బేనియన్ అనే మృతభాష అది. అంతకు మునుపు ఆ భాషకు కొద్దిపాటి శాసన వాక్యాలూ, ఒక వర్ణమాల పట్టికా తప్ప మిగిలినది లేదు. గ్రంథమంటూ ఉన్నది ఆ మట్టిలోనే.

ఇక మా ఇంటి సంగతి. 2003లో వేసవి సెలవులలో మా ఊళ్లోని పెంకుటింటికి మరమ్మతు పెట్టాను. వాసాలు చెదలు తిన్నాయి, పెంకులు జారాయి. వాన రాకముందే కప్పు వేయాలన్న తొందర. రెండవ రోజున మేస్త్రీ వచ్చి, “అయ్యగారూ, అటక మీద చాలా చెత్తుంది. ఏదో తాటాకుల కట్ట కూడా ఉంది, చెదలు పట్టేసింది. ఒకసారి చూస్తారా?” అని అడిగాడు.

నేను ఇసుక లెక్క చూసుకుంటున్నాను. “పారేయించవయ్యా” అన్నాను.

నెల తరువాత మా మేనత్త వచ్చింది. కొత్త కప్పు చూసి సంతోషించింది. భోజనమయ్యాక, “ఒరే, మా తాతగారి కవిలెకట్ట ఎక్కడ పెట్టావురా?” అని అడిగింది. మా ముత్తాతగారు గంటంతో వ్రాసిన శతకమట. సరస్వతీ పూజనాడు దింపి, నిమ్మగడ్డి నూనె రాసి, పసుపు గుడ్డలో కట్టి పెట్టేవారట. ముప్పయ్యేళ్లు పిల్లలకు ఛందస్సు చెప్పినవాణ్ణి. మా ఇంట్లో శతకం ఉన్నదని నాకు తెలియదు. మేస్త్రీ చూడమన్నాడు. నేను చూడలేదు.

చెరువు గట్టున పోసిన చెత్త దగ్గరకు పరుగెత్తాను. ఎవరో అప్పటికే తగులబెట్టారు. బూడిద కెలికి చూశాను గానీ ఏమీ లేదు.

అత్తయ్య నన్ను ఒక్కమాట అనలేదు. చిన్ననాడు విన్నవి తలచుకొని పద్యాలు చెబుతూ పోతే నేను నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాను. మూడు పద్యాలూ, నాలుగవ పద్యంలో రెండు పాదాలూ వచ్చాయి. ఆమె పోయి ఎనిమిదేళ్లయింది. ఆ రెండవ పాదంలో యతి కుదరదు. ముత్తాతగారే తప్పారో, అత్తయ్య మరచిందో, నేను సరిగా వినలేదో! దిద్దబుద్ధి కాక అలాగే ఉంచాను.