రెండు సంఘాలు

మా జిల్లాలో సంఘం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వ్యవసాయ కూలీల సంఘం ఒకటి, ఆదివారం నాడు గుడిలో కూడే క్రైస్తవుల సంఘం మరొకటి. పల్లెలో ఎవరైనా "సంఘానికి పోతాండా" అంటే అది ఏ సంఘమో వారాన్ని బట్టి తెలుసుకోవలసిందే. మొదటి సంఘంలో నేను నలభై ఏళ్ళకు పైగా సభ్యుణ్ణి. రెండవదానిలో సభ్యుణ్ణి కాను. దేవుడిలో నాకు నమ్మకం లేదు, ఈ వ్యాసం ముగిసేసరికి కలగబోవడమూ లేదు. అయినా ఆ రెండవ సంఘాన్ని గురించి రాయవలసిన బాకీ ఒకటి నామీద చాలాకాలంగా ఉండిపోయింది.

1978లో గుత్తి, తాడిపత్రుల మధ్య ఒక పల్లెకు ఉపాధ్యాయుడుగా వెళ్ళాను. ఎర్రనేల, శెనక్కాయ పంట, ఏడాది పొడుగునా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదైనా కురవవలసిన నెలలో కురవదు. భూములున్న రెడ్ల ఇంట పుట్టినవాణ్ణి. కాలేజీలో నాలుగు పుస్తకాలు చదివి కులాన్ని వదిలేశానని నమ్మినవాణ్ణి. సాయంకాలాలు మాదిగ గేరికి పోయి కూలి రేట్లను గురించి మాట్లాడేవాణ్ణి. ఆ గేరి చివరన రాతి గోడల మీద బండలు పరచిన ఒక గది ఉండేది. ముందు వేపచెట్టుకు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఉండేది. అదే గుడి, అదే గంట.

మొదటిసారి ఆ గుడికి వెళ్ళింది ప్రార్థనకు కాదు. ఆ మధ్యాహ్నం జరగబోయే మా సభకు జనాన్ని పిలుద్దామని వెళ్ళి, ఆరాధన ముగిసేదాకా బయట అరుగుమీద కూర్చున్నాను. లోపలినుంచి ఒక ముసలామె చాప పట్టుకొని వచ్చింది. "బండ కాల్తాంటుంది అయ్యోరా, దీనిమీద కుచ్చోండి" అని పరచి, మళ్ళీ లోపలికి పోయి పాట అందుకున్నది. నేనెవరో, ఎందుకు వచ్చానో ఆమె అడగలేదు.

తరువాత చాలా ఆదివారాలు ఆ చాప మీద కూర్చున్నాను. పాస్టరు అయ్యగారికి చాలా పల్లెలు ఉండడంవల్ల ఆయన నెలకొకసారి వచ్చేవారు. మిగిలిన వారాలు ఉపదేశి నడిపేవాడు. మగవారు ఒకవైపు, ఆడవారు ఒకవైపు నేలమీదే కూర్చునేవారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉపదేశి చేతిలో ఒక్కటే ఉండేది, అయినా అక్షరం రాని ఆడవారికి ఆ పాటలన్నీ కంఠతా వచ్చు. పందొమ్మిదవ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు మన రాగాలలోనే ఆ కీర్తనలు కట్టారు గనుక కంజిర మీద అవి చక్కగా నడిచేవి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పాటలు కావు, చివర జరిగే విజ్ఞాపన. ఒక్కొక్కరు లేచి పేర్లు చెప్పేవారు. ఫలానా ఆమెకు కాన్పు దగ్గరపడింది, ఫలానా పిల్లవాడికి జ్వరం, ఫలానా వాడు బెంగుళూరు పోయి మూడు నెలలైనా కబురు లేదు. వాన కోసం ప్రార్థించేవారు. ఒక ఏడు మేము కూలి పెంపు కోసం పని నిలిపివేసినప్పుడు, రైతులు దిగివచ్చేదాకా అందరికీ నిబ్బరం ఇవ్వమని కూడా ప్రార్థించారు. కానుకగా డబ్బు లేనివారు దోసెడు శెనక్కాయలో, రెండు గుడ్లో పెట్టేవారు. ఆరాధన అయినాక ఆ గుడ్లను అక్కడే వేలం వేసేవారు.

మా అధ్యయన తరగతుల్లో ఈ విషయానికి ఒక సులభమైన వివరణ ఉండేది: వీరంతా గంజి కోసం మతం పుచ్చుకున్నవారు. ఆ మాట నేనూ అన్నాను. కాని చరిత్ర అంత సులభంగా లేదు. మా సీమకు లండన్ మిషన్ వారు 1810 నాటికే బళ్ళారికి, 1822లో కడపకు వచ్చారు. పల్లె ప్రజలు కదిలింది మాత్రం 1876–78 నాటి ధాత కరువు తరువాత. ఒంగోలు వైపు జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు దొర ఆ కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపాడు. కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. తరువాత 1878 జులై 3న ఒక్కరోజునే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజే కారణమైతే గంజి ఆగినాక జనం వెళ్ళిపోవాలి గదా! వారు గంజి ఆగినాక వచ్చారు. ఎందుకు వచ్చారు? ఊరిలో ఎవరూ పూర్తి పేరుతో పిలవని మనిషిని ఇక్కడ పేరుతో పిలిచారు. ఎదురైతే "వందనాలు" అన్నారు. జబ్బు పడితే ఇంటికి వచ్చి చూశారు. మార్క్స్ 1844లో మతాన్ని గురించి రాసిన పేరాలో మత్తుమందు అన్న మాటను మేము కంఠస్థం చేశాము. బాధపడే మనిషికి మతం ఏమవుతుందో ఆ మాటకు ముందే ఆయన చెప్పినదాన్ని మాత్రం చాలా ఆలస్యంగా చదివాము.

ఇక నా బాకీ సంగతి.

1979లో నాకు చాప పరచిన ముసలామె కోడలు తన కొడుకును బడిలో చేర్చడానికి వచ్చింది. రిజిస్టరులో కులమతాల గడి నింపాలి. అంతకుముందున్న అయ్యవార్లు గేరి పిల్లలందరికీ "హిందూ" అని రాసి ఊరుకునేవారు. నేను సత్యవాదిని. ఆ పిల్లవాణ్ణి అమ్మ ఒడిలో గుడిలో చూసినవాణ్ణి. ఆమెను అడగకుండానే "క్రైస్తవ మాదిగ" అని గుండ్రని అక్షరాలతో రాశాను. ప్రభుత్వపు కాగితంలో నిజం ఉండాలన్న గర్వం తప్ప ఆనాడు నా మనస్సులో మరొకటి లేదు.

రాజ్యాంగం కింద 1950లో జారీ అయిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులస్థుడుగా గుర్తించదని నాకు తెలియకపోలేదు, తట్టలేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ నిబంధన సడలించారు గాని క్రైస్తవులకూ ముస్లిములకూ సడలించలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలకు 15 శాతం సీట్లుంటే, వారిలోనుంచి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల "సి" వర్గంలో చేర్చి 1 శాతం ఇచ్చారు. అదే గేరి, అదే కులం పేరు, అదే ఊరి బయటి బ్రతుకు. మారిందల్లా రిజిస్టరులో ఒక్క మాట.

1990లో ఆ కుర్రవాడు పదవ తరగతి మంచి మార్కులతో గట్టెక్కి పాలిటెక్నిక్‌కు దరఖాస్తు పెట్టాడు. కుల ధ్రువపత్రానికి నా రిజిస్టరు నకలే సాక్ష్యమైంది. సీటు రాలేదు. అతనికన్నా తక్కువ మార్కులు వచ్చి, గుడిలో అతని పక్కనే కూర్చునే ఇంకొక కుర్రవాడికి వచ్చింది. ఇతణ్ణి చేర్చుకున్నది సత్యవాది, అతణ్ణి చేర్చుకున్నది పాత అయ్యవారు, అంతే తేడా. మా కుర్రవాడు బెంగుళూరికి బేల్దారి పనికి పోయాడు.

క్షమాపణ చెప్పుకోవడానికి ఆ ఇంటికి పోయాను. కొడుకు బట్టలు సర్దుతున్న తల్లి తలెత్తకుండానే అన్నది: "మీరు అబద్ధం రాయలేదు గదా అయ్యోరా. నిజం రాస్తే కూడా మాకే నష్టమయ్యేట్టుంటే ఇంగెవరిని అనేది? ఆదివారం గుడికాడికి రాండి."

ఆ ఆదివారం కోతపండుగ. పాస్టరు అయ్యగారు వచ్చారు. ప్రభువు బల్లకు ముందు జరిగే పాపపు ఒప్పుకోలులో అందరూ కలిసి పలికారు. పెద్దలని, కూలీలని తేడా లేదు. నేను పలకలేదు గాని ఆ మాటలు నా చెవిలో వేరుగా వినిపించాయి. తరువాత ప్రేమ విందు. వరుసగా కూర్చున్నారు. సంగటి, ఊరిబిండి, పప్పు. నేను అలవాటుగా "ఇప్పుడే తిని వచ్చాను" అన్నాను. ముసలామె నా ముందు నిలబడి, "పన్నెండేండ్లాయ, మీరు ఇప్పుడే తినొస్తానే ఉండారు. ఈ పొద్దన్నా ఆకలి కాలేదా?" అన్నది.

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు, అందుకే అది అంత లోతుగా దిగింది. కులనిర్మూలన మీద ఆ గేరిలో నేను ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చాను. టీ తాగాను. అన్నం ఒక్కనాడూ తినలేదు. వారు లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు, లెక్క అప్పగించలేదు, అంతే. ఆ రోజు కూర్చుని తిన్నాను.

ఈ మాటలు చదివి ఆ గుడిని స్వర్గమనుకోవద్దు. అదే ఊరిలో మాలల గుడి వేరుగా ఉంది. రెండు గుళ్ళలోనూ ఒకే బైబిలు చదివేవారు, ఒకరి పిల్లను ఒకరు చేసుకునేవారు కారు. వానకు ప్రార్థించారే గాని పూడిపోయిన చెరువును ఎవరు ఆక్రమించారన్న ప్రశ్న ఆ గుడిలో పుట్టలేదు. ఆడవారు పాడినంతగా మాట్లాడేందుకు వీలుండేది కాదు. దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్పు 2013లో మా పొరుగున నంద్యాలలోనే అభిషేకం పొందింది. ఆ గాలి మా పల్లె గుడిదాకా ఇంకా పూర్తిగా రాలేదు. జబ్బులు మాన్పుతామని మైకులు పెట్టి డబ్బులు దండుకునే కొత్త బోధకులు వచ్చారు. వీటన్నిటినీ విమర్శించవలసిందే, విమర్శిస్తున్నాను.

అయితే విమర్శకుడు తన సంఘాన్ని కూడా చూచుకోవాలి. మా సభకు ఒక సభ్యుడు రాకపోతే మినిట్స్ పుస్తకంలో "గైర్హాజరు" అని రాసేవాళ్ళం. వారి ఆరాధనకు ఒకడు రాకపోతే సాయంత్రం ఇద్దరు వాడి ఇంటికి పోయేవారు. మా వేదికమీద కుర్చీలు ఉండేవి, ఎవరు కూర్చోవాలో ముందే తెలిసి ఉండేది. వారి దగ్గర చాప ఉండేది, కొత్తవాడికి పరిచేవారు. కార్యక్రమం మాదే సరైనదని నేను ఇప్పటికీ నమ్ముతాను. కాని మనిషిని చేర్చుకోవడం అనే పనిని మేము కార్యక్రమంలో ఒక అంశంగా కూడా ఎంచలేదు. ఓడిపోయిన రోజున ఎక్కడికి పోవాలో తెలియని కూలివాడు మా ఆఫీసుకు రాలేదు, ఆ బండల గదికి పోయాడు. దానికి మత్తు అని పేరు పెట్టి మేము నిశ్చింతగా ఉన్నాము.

ఆ ఉత్తర్వు మతాన్ని అడ్డు పెట్టకూడదని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ నాయకత్వాన మరొక కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఇది క్రైస్తవుల కోరిక మాత్రమే అని మన సంఘాలు పక్కకు జరగడానికి వీలులేదు. అంటరానితనం బాప్తిస్మపు నీళ్ళతో పోలేదని ఊరంతటికీ తెలుసు. చట్టానికి తెలియనట్టు నటించడం అన్యాయం.

ముసలామె పోయి చాలా ఏళ్ళయింది. బేల్దారి కుర్రవాడికి ఇప్పుడు తల నెరిసింది. మొన్న క్రిస్మసుకు ఊరికి వచ్చి, మనుమరాలిని బడిలో చేర్చే కాగితం నా ముందు పెట్టాడు. "ఈ గడిలో ఏం రాయమంటారు అయ్యోరా?" అని అడిగాడు.

ఈసారి కలం నేను పట్టలేదు. ఆ గడిలో ఏ మాటకు ఎంత ఖరీదో నాకు తెలిసినంతా చెప్పాను. అతను, భార్య, కోడలు చాలాసేపు మాట్లాడుకున్నారు. వారు ఏమి రాశారో నేను చూడలేదు. కోడలు అన్నం వడ్డిస్తున్నానని పిలిచింది. ఇప్పుడే తిని వచ్చానని నేను అనలేదు.