ఇంకొక్క పావు చుట్టు

కువైట్‌లో నేల మీద ఆయిల్ కనబడితే సంతోషించాలి కదండీ! 1938లో బుర్గాన్ దగ్గర ఆయిల్ పడబట్టే, 1946లో మొదటి ఓడ నిండి బయలుదేరబట్టే, నాలాంటి ఎం.సి.ఏ.లు ఇంత దూరం వచ్చి సర్వర్లు చూసుకుంటూ పిల్లల్ని చదివించుకుంటున్నారు. కానీ పోయిన నవంబరులో సాల్మియాలోని మా బిల్డింగ్ బేస్‌మెంట్‌లో కనబడిన ఆయిల్ మాత్రం నాకేమీ సంతోషం కలిగించలేదు. అరచెయ్యంత నల్లటి మరక, సరిగ్గా నా మోటార్ సైకిల్ కింద. మా హారిస్ అప్పటికే ఎక్కడినుంచో ఒక అట్టముక్క తెచ్చి పరిచాడు. పరిచి, నావైపు ఒక చూపు చూశాడు. అది అర్థం కావడానికి అరబ్బీ రానక్కర్లేదు.

నలభై దాటాక మోటార్ సైకిలేమిటి అని మీరు అడగకండి, మా ఆవిడ అడిగేసింది. సెకండ్ హ్యాండ్ హోండా, 500 సీసీ. ఇక్కడి ఎండల్లో దాన్ని బయటికి తీసే ప్రశ్నే లేదు. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం మనది! నవంబరు నుంచి మార్చి దాకా, శుక్రవారం పొద్దున్నే గల్ఫ్ రోడ్డు మీద సముద్రం పక్కన ఓ గంట. అంతే నా విలాసం. ఎనిమిదో క్లాసు చదివే మా వాడు వెనకాల కూర్చుంటాడు. వారంలో వాడు నాతో నోరు విప్పి మాట్లాడేది ఆ ఒక్క గంటే.

సీజన్ మొదలయ్యే ముందు షువేఖ్‌లో ఒక చిన్న గ్యారేజీలో ఆయిల్ మార్పించాను. పిల్లలు కూడా ఈ పత్రిక చదువుతారు కాబట్టి ఒక్క మాట. ఇంజన్ అడుగున ఒక నట్టు ఉంటుంది. నిజానికి అది బోల్టే, కానీ మనవాళ్ళందరూ ఆయిల్ నట్టు అనే అంటారు. అది విప్పితే పాత ఆయిల్ మొత్తం కిందికి దిగిపోతుంది. మళ్ళీ బిగించి పైనుంచి కొత్తది పోస్తారు. ఇంజన్ బాడీ అల్యూమినియం, నట్టు ఉక్కు. ఉక్కుకీ అల్యూమినియానికీ కుస్తీ పెడితే ఎవరు ఓడిపోతారో చెప్పనక్కర్లేదు.

ఆయిల్ మార్పించిన వారానికి నట్టు చుట్టూ కాస్త తడి కనబడింది. కారడం కాదు, వేలు పెడితే అంటుకునేంత తడి. గ్యారేజీకి తీసుకెళితే సరిపోయేది. కానీ ఇంట్లో టూల్ బాక్స్ ఉన్న మగవాడికి అంత ఓపిక ఎక్కడిది? మా వాణ్ణి టార్చ్ పట్టుకోమని, పొడుగాటి పానా ఒకటి తీసి, నేల మీద పడుకుని బిగించాను. బిగిసింది. "ఇంకొక్క పావు చుట్టు" అన్నాను, వాడికి పాఠం చెబుతున్నట్టు. ఇంకొంచెం బిగిసింది. ఆ తర్వాత ఒక్కసారిగా చేతికింద బరువంతా పోయి, పానా హాయిగా తిరగడం మొదలుపెట్టింది. ఆ హాయి ఎంత భయంకరమైనదో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ల ముందు బతుకుతున్నవాణ్ణి, నా ఎడమచేతి వేళ్ళు వాటంతటవే కంట్రోల్-జెడ్ కోసం వెతుక్కున్నాయంటే నమ్మండి.

మర్నాటికి అట్టముక్క, హారిస్ చూపు.

అప్పుడు నేనేం చేశానో రాయడానికే ఇదంతా. గ్యారేజీ యజమానికి ఫోన్ చేశాను. ఆఫీసులో వెండార్లతో మాట్లాడే ఇంగ్లీషు ఉంటుంది చూడండి, ఆ గొంతుతో, "మీ మనిషి మితిమీరి బిగించాడు, మొదటి వారం నుంచే కారుతోంది" అన్నాను. ఆయన క్షమాపణ చెప్పి, బండి తీసుకురమ్మని, డబ్బేమీ వద్దని, ఆ మెకానిక్ జీతంలోంచి 15 దీనార్లు కోస్తానని చెప్పాడు. కొయ్యమని నేను అనలేదు. వద్దని కూడా అనలేదు. ఫోన్ పెట్టేసి చూస్తే మా వాడు సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఏమీ అనలేదు.

శనివారం టో ట్రక్కులో బండిని షువేఖ్‌కి చేర్చాను. మా వాడూ వచ్చాడు. మెకానిక్‌కి యాభై అయిదేళ్ళుంటాయి. కిందటిసారి నేను ఆయనతో ఓ రెండు ముక్కలు హిందీలో మాట్లాడానేమో, ఎక్కడివాడని అడిగిన పాపాన పోలేదు. ఆయన నట్టు చేతులోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. ఉక్కు మరల మీద అల్యూమినియం పీచు స్ప్రింగులా చుట్టుకుని ఉంది. "అయ్యో, థ్రెడ్డంతా ఊడొచ్చిందే పాపం" అన్నాడు తనలో తాను.

తెలుగు! రాయచోటి దగ్గర పల్లెట. 22 ఏళ్ళుగా కువైట్‌లో ఉంటున్నాడట. మన ఉగాది ఫంక్షన్లకి ఎప్పుడైనా వచ్చారా అన్నాను, అడగాల్సిన మాట అదొక్కటే ఉన్నట్టు. "మాకు యాడ తీరతాది సార్" అని నవ్వి పనిలోకి దిగాడు.

ఆ పని చూడ్డం మా వాడికీ నాకూ కన్నుల పండుగే అయింది. పాడైన రంధ్రాన్ని డ్రిల్లుతో కొంచెం పెద్దది చేశాడు. తర్వాత ట్యాప్‌కి దట్టంగా గ్రీజు పూసి కొత్త మరలు కొట్టడం మొదలుపెట్టాడు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కెందుకంటే లోపల కోసుకున్న తరుగు తెగాలి. ట్యాప్ తీసి గ్రీజుకి అంటిన తరుగు తుడిచి, మళ్ళీ పూసి, మళ్ళీ లోపలికి. ఆ తరుగు ఇంజన్‌లో ఉండిపోతే ఆయిల్‌తో కలిసి తిరిగి బేరింగులు తినేస్తుందని చెప్పాడు. మా వాడు బండి పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుండిపోయాడు. ఇంట్లో లెక్కల పుస్తకం ముందు అలా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు కాయిల్ తీశాడు. స్టెయిన్‌లెస్ స్టీలు తీగని స్ప్రింగులా చుట్టి ఉంటుంది, కింద ఒక చిన్న తోక. ఆ తోకని పట్టుకునే టూలుతో కాయిల్‌ని కొత్త మరల్లోకి తిప్పి, అంచు కంటే కాస్త లోపలికి దించాడు. దాని లోపలి మరలు పాత సైజే, కాబట్టి మామూలు నట్టే మళ్ళీ సరిపోతుంది. ఈసారి ఉక్కుకి ఉక్కే జోడీ. ఆఖరున తోకని విరిచి నోస్ ప్లయర్‌తో బయటికి లాగి మా వాడి అరచేతిలో పెట్టాడు. "ఇది లోపల పడిపోలేదని నువ్వే సాక్షి" అన్నాడు. ఆ మాటకి వాడు నావైపు చూశాడు.

అర లీటరు ఆయిల్ పైనుంచి పోసి, కింద నుంచి కారనిచ్చి, మిగిలిన తరుగు కడిగేస్తూ ఆయన అన్నాడు: "సార్, మొదట్లో మీరు తడి చూసినారే, అది కారింది కాదు. ఆయిల్ దించేటప్పుడు కింద పడింటాది. నేను సరిగ్గా తుడ్సలే. అది నా తప్పే. కొత్త వాషరేసి, చేత్తో పట్టిచ్చి, తర్వాత కొలత పెట్టే బిగిచ్చినా. ఆయిల్ ఆపేది వాషరు సార్, బలం కాదు."

ఎవరూ అడక్కుండానే తన తప్పు తను చెప్పేసుకున్నాడు. నేను టీ తెస్తానని లేచాను. నాలుగడుగులు వేశానో లేదో మా వాడు వెనకాలే వచ్చి, చాలా మెల్లగా, "నాన్నా, ఆ రోజు టార్చ్ పట్టుకుంది నేనే కదా" అన్నాడు.

టీ తేలేదు. వెనక్కి వెళ్ళి, "అన్నా, దాన్ని చెడగొట్టింది నేను. పెద్ద పానాతో నేనే తిప్పాను" అన్నాను. మా వాడి ముందే.

"తెలుసు సార్" అన్నాడాయన, తల ఎత్తకుండానే. పాత నట్టు తీసి చూపించాడు. తల మీద మూలలు అరిగి ఉన్నాయి. "మా దగ్గర ఉండేది ఆరు మూలల సాకెట్టు, అది ఇట్ల కొరకదు. ఇది సైజు కాని పానా గుర్తు."

"మరి ఓనరుకి ఎందుకు చెప్పలేదన్నా?"

"మీరు వచ్చినాంక చూపిద్దామనే అనుకుంటి. పిల్లోడు పక్కనుండాడు కద సార్."

ఈ వాక్యం తర్వాత నా పరిస్థితి మీరే ఊహించుకోండి. యజమాని క్యాబిన్‌లోకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కొంచెం నవ్వి, జీతం కోత కొట్టేసి, బిల్లు నా పేరు మీద రాశాడు. కాయిల్, కొత్త నట్టు, వాషరు, ఆయిల్, లేబర్ కలిపి 22 దీనార్లు.

తిరిగి వచ్చేసరికి మా వాడి చేతిలో టార్క్ రెంచ్ ఉంది. మాన్యువల్‌లో ఈ నట్టుకి రాసింది 30 న్యూటన్ మీటర్లు. అంటే 30 సెంటీమీటర్ల పానా చివర సుమారు 10 కిలోల బరువు, మన బఖాలాలో దొరికే చిన్న బియ్యం సంచీ అంత. నేనేమో దానికన్నా పొడుగాటి పానా మీద ఒళ్ళంతా మోపాను! వాడు మెల్లగా లాగుతున్నాడు. టక్ మని శబ్దం వచ్చింది. "ఇంకొంచెం తిప్పనా అంకుల్?" అన్నాడు. ఆయన రెంచ్ తీసేసుకుని, వాడి చేతిలో గుడ్డ పెట్టాడు.

"తుడువు నాయనా. బాగా తుడువు."

ఫిబ్రవరిలో మళ్ళీ ఆయిల్ మార్చే టైమొచ్చింది. ఈసారి ఇంటి దగ్గరే, వీడియో కాల్లో ఆయన చూస్తుండగా మా వాడే మార్చాడు. వాషరు కొత్తదో కాదో కెమెరా దగ్గర పెట్టి చూపించమన్నాడు ఆయన. నాకు ఇచ్చిన ఉద్యోగం టార్చ్ పట్టుకోవడం. వారం రోజులు చూసి, అట్టముక్క మీద కొత్త చుక్క లేదని తేలాక, హారిస్ దాన్ని మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.