హ్యూస్టన్‌కి మకాం మారుస్తున్నారా?

న్యూజెర్సీ నుంచో, బే ఏరియా నుంచో నెలకి ఒకరిద్దరైనా ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేమిక్కడ కట్టే అద్దెకి మీ టెక్సాస్‌లో బంగళా వస్తుందట కదా, నిజమేనా?" నిజమే, వస్తుంది. స్టేట్ ఇన్‌కం టాక్స్ లేదన్నదీ నిజమే. పెరట్లో కరివేపాకు, దొండపాదు, మల్లె తీగ హాయిగా పెరుగుతాయన్నది అంతకంటే నిజం. దూరపు కొండలు నునుపు అన్నారు కాబట్టి, ఆ నునుపు వెనకాల ఉన్న రాళ్ళూ రప్పల గురించి కూడా నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత అనిపించింది. 2012లో ఇద్దరు పిల్లలతో, ఒక ట్రక్కు సామానుతో న్యూజెర్సీ వదిలి ఇక్కడికి వచ్చినవాణ్ణి. వృత్తి రీత్యా ఐటీ కన్సల్టెంట్‌ని. ఇంజనీరింగ్ పద్ధతిలో ఒక్కో విషయమే చూద్దాం.

ముందు ఊరి స్వరూపం

అమెరికాలో జనాభా పరంగా హ్యూస్టన్ నాలుగో పెద్ద నగరం. 2020 లెక్కల ప్రకారం నగరంలోనే 23 లక్షల మంది ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపితే 70 లక్షలు దాటుతుంది. ఊరి చుట్టూ మూడు వలయాలు ఉంటాయి. లోపలిది 610 లూప్, మధ్యది బెల్ట్‌వే 8, బయటిది 99 నంబరు గ్రాండ్ పార్క్‌వే. ఈ మూడోది పూర్తయితే సుమారు 180 మైళ్ళు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు కదా, దానికి దాదాపు రెట్టింపు అన్నమాట!

ఇక్కడ దూరాన్ని మైళ్ళలో చెప్పరు, నిమిషాల్లో చెబుతారు. అందుకే ఇల్లు చూసుకునే ముందు ఆఫీసు ఏ దిక్కున ఉందో చూసుకోండి. మెడికల్ సెంటర్‌లో ఉద్యోగమైతే పేర్లాండ్ వైపు, ఎనర్జీ కారిడార్ అయితే కేటీ వైపు, ఉత్తరాన స్ప్రింగ్‌లో అయితే వుడ్‌లాండ్స్ వైపు, నాసా అయితే క్లియర్ లేక్ వైపు వీలుగా ఉంటుంది. సుగర్‌లాండ్‌లో ఇల్లు కొనుక్కుని స్ప్రింగ్‌లో ఉద్యోగం చేస్తే మీ పిల్లలు మిమ్మల్ని శనాదివారాలు మాత్రమే చూస్తారు. ఇంకో మాట. ఫ్రీవే పక్కనే నడిచే రోడ్డుని ఇక్కడివాళ్ళు 'ఫీడర్' అంటారు. ఆ మాట తెలిస్తే దారి చెప్పినప్పుడు సగం బాధ తగ్గుతుంది.

వచ్చిన 30 రోజుల్లో కారు రిజిస్ట్రేషన్, 90 రోజుల్లో డ్రైవింగ్ లైసెన్సు మార్చుకోవాలి. 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కానీ, మన హారిస్, ఫోర్ట్ బెండ్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఇంకా ఉంది. టోల్ రోడ్ల కోసం ఈజీ ట్యాగ్ మొదటి వారంలోనే తీసుకోండి.

అసలు సంగతి - నీళ్ళు

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వద్దాం. హ్యూస్టన్ నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది. మట్టి మన నల్లరేగడి లాంటి జిగట మట్టి. వాన కురిస్తే నీరు ఇంకదు, పారదు. దాన్ని సముద్రం దాకా మోసుకెళ్ళేవి 'బయూ'లనే నిదానపు కాలవలు.

ఈ ఊరికీ హైదరాబాద్‌కీ ఒక పోలిక ఉంది. 1908లో మూసీ వరద వచ్చి హైదరాబాద్‌ని ముంచేసిన తరవాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. హ్యూస్టన్‌లో కూడా 1929లో, 1935లో వరదలు వచ్చాక, 1940లలో ఆర్మీ ఇంజనీర్లు ఊరికి పడమర అడిక్స్, బార్కర్ అనే రెండు రిజర్వాయర్లు కట్టారు. తేడా ఏమిటంటే మన సాగర్‌లలో ఎప్పుడూ నీళ్ళుంటాయి. ఇవి మామూలు రోజుల్లో ఎండిపోయి పార్కుల్లా, సాకర్ మైదానాల్లా ఉంటాయి. అందువల్ల కొత్తగా వచ్చినవాళ్ళకి అక్కడొక రిజర్వాయర్ ఉందనే తెలియదు. దాని అంచుల దాకా, ఆ మాటకొస్తే అంచు లోపల కూడా, ఇళ్ళు వెలిశాయి. మనవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే అవి చెరువు ఎఫ్‌టీఎల్‌లో వేసిన ప్లాట్లు.

2017 ఆగస్టులో హార్వే హరికేన్ వచ్చింది. నాలుగు రోజుల్లో హారిస్ కౌంటీ అంతటా సగటున 33 అంగుళాలకి పైగా వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా పడే వాన ఇంచుమించు అంతే! మా ఇల్లు కాస్త మెరక మీద ఉండటంతో మాకు వీధిలో నీళ్ళు నిలిచి తగ్గిపోయాయి. బార్కర్ అంచున ఉన్న ఒక మిత్రుడి ఇంట్లోకి మాత్రం వాన తగ్గాక నీళ్ళు రావడం మొదలైంది. రిజర్వాయర్ నిండి వెనక్కి తన్నిందన్నమాట. అతన్నీ, భార్యనీ, పిల్లల్నీ, కృష్ణా జిల్లా నుంచి చూడటానికి వచ్చిన వాళ్ళ నాన్నగారినీ ఎవరో పడవ మీద మెయిన్ రోడ్డు దాకా చేరిస్తే, అక్కడి నుంచి మేము తెచ్చుకున్నాం. పెద్దాయన చేతిలో ఒక్క ప్లాస్టిక్ సంచీ ఉంది. అందులో అందరి పాస్‌పోర్టులు, ఆయన బీపీ మాత్రలు.

పదకొండు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ పెద్దాయనది అవనిగడ్డ దగ్గర ఒక పల్లె. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన కళ్ళారా చూసిన మనిషి. ఒక రాత్రి టీవీ చూస్తూ నాతో అన్నారు: "బాబూ, మా రోజుల్లో ఉప్పెన వస్తోందని చెప్పే నాథుడు లేడు. నీళ్ళు గుమ్మంలోకి వచ్చాకే తెలిసింది. మీకు గంట గంటకీ ఫోన్లో చెబుతున్నారు. చెప్పేవాడు ఉన్నప్పుడు వినాలి కదా." పక్కన కూర్చున్న మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. "తాతగారూ, మరి మీరెలా బయటపడ్డారు?" అని అడిగింది. "చెట్టెక్కానమ్మా, తెల్లారేదాకా దిగలేదు" అన్నారు. ఆ తరవాత ఆయన ఏమీ మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

హార్వేలో హారిస్ కౌంటీలో లక్షన్నరకు పైగా ఇళ్ళు మునిగాయి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు '100 ఏళ్ళ వరద' పరిధికి బయట ఉన్నవే. ఈ '100 ఏళ్ళ వరద' అన్న మాట దగ్గర చాలామంది పొరపడతారు. వందేళ్ళకి ఒక్కసారే వస్తుందని దానర్థం కాదు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. పిల్లలూ, ఇది మీకు లెక్క! ఏటా నూటికి ఒక వంతు చొప్పున 30 ఏళ్ళ హోమ్ లోన్ కాలంలో కనీసం ఒక్కసారైనా వరద వచ్చే అవకాశం ఎంత? 0.99ని 30 సార్లు గుణించి, ఒకటిలోంచి తీసేయండి. సుమారు 26 శాతం వస్తుంది. అంటే నాలుగిళ్ళలో ఒకటి!

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు గ్రానైట్ కౌంటర్ల కంటే ముందు ఇవి చూడండి.

ఫీమా వరద మ్యాపులో ఆ ఇల్లు ఏ జోన్‌లో ఉందో చూడండి. అంతటితో ఆగకుండా, ఆ వీధిలో నడుస్తున్న ఇద్దరు ముగ్గుర్ని పలకరించి "హార్వేలో ఇక్కడ ఎంత నీళ్ళొచ్చాయి?" అని అడగండి. ఇక్కడివాళ్ళు చక్కగా చెబుతారు.

2019 సెప్టెంబరు నుంచి అమ్మేవాళ్ళు గతంలో ఇల్లు మునిగిందా, వరద పరిధిలో గానీ రిజర్వాయర్ పరిధిలో గానీ ఉందా అన్నది కాగితం మీద చెప్పాలని చట్టం వచ్చింది. ఆ కాగితాన్ని సంతకం పెట్టి పక్కన పడెయ్యకుండా చదవండి. 2022 నుంచి అద్దెకిచ్చేవాళ్ళు కూడా గత అయిదేళ్ళలో మునిగిందో లేదో చెప్పాలి.

మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టాన్ని ఇవ్వదు. వరద ఇన్సూరెన్స్ విడిగా కొనుక్కోవాలి. ప్రభుత్వ పథకంలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకి 1,00,000 డాలర్లు ఇస్తారు. మామూలుగా కొన్న 30 రోజులకి గానీ అమల్లోకి రాదు. తుఫాను గల్ఫ్‌లోకి వచ్చాక కొంటే లాభం లేదు. హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. మే నెల రాకముందే ఆ పని చేసుకోవాలి.

కరెంటు కథ

టెక్సాస్‌లో కరెంటు మనమే కొనుక్కోవాలి. తీగలు సెంటర్‌పాయింట్ వాళ్ళవి. అమ్మే కంపెనీలు బోలెడు. 'పవర్ టు చూజ్' అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోల్చి చూసుకోవచ్చు. ఒక చిట్కా ఉంది. కొన్ని ప్లాన్లు సరిగ్గా 1000 యూనిట్లు వాడితే చవగ్గా కనబడతాయి. రెండంతస్తుల ఇంట్లో ఆగస్టు నెలలో 2000 యూనిట్లు సులువుగా దాటుతుంది. అందుకని ప్రతి ప్లాన్‌తో ఇచ్చే పట్టికలో 500, 1000, 2000 యూనిట్ల ధరలు మూడూ చూడండి.

డబ్బు కంటే ముఖ్యమైనది కరెంటు పోయినప్పటి సంగతి. 2021 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలికి రాష్ట్రం మొత్తం కరెంటు గ్రిడ్ కుప్పకూలే దాకా వెళ్ళింది. లక్షలాది ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. ఇక్కడ చాలా ఇళ్ళలో నీళ్ళ పైపులు అటకల మీంచి పోతాయి. అవి గడ్డకట్టి పగిలితే సీలింగ్ ఊడి కిందపడుతుంది. మా వీధిలో మూడిళ్ళలో అదే జరిగింది. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో పదేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ తెలిసి ఉండాలి. చలి కాచుకోవడానికి బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చీ, గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చునీ ఆ చలిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం ఖరీదు ఒక సినిమాకి అయ్యే ఖర్చు కంటే ఎక్కువేం కాదు. 2024 జులైలో బెరిల్ హరికేన్‌కి 22 లక్షల కనెక్షన్లకి కరెంటు పోయింది. కొందరికి వారం దాటాక వచ్చింది. ఇన్సులిన్ లాంటి మందులు వాడే పెద్దలు ఇంట్లో ఉంటే ముందే ఒక ఏర్పాటు ఆలోచించుకోండి.

పన్ను లేదంటే ఉన్నట్టే

ఇన్‌కం టాక్స్ లేదని సంబరపడే ముందు ప్రాపర్టీ టాక్స్ లెక్క వెయ్యండి. ఊరి బయట కొత్త కాలనీల్లో నీళ్ళూ మురుగు కాలవల అప్పు తీర్చడానికి 'మడ్' అనే పన్ను కూడా కలుస్తుంది. అన్నీ కలిపి రెండున్నర శాతం అనుకుంటే నాలుగు లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 10,000 డాలర్లు. లోన్ తీరిపోయినా ఇది తీరదు. ఊరట ఏమిటంటే, సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది. బడి పన్ను వరకు 2023లో లక్ష డాలర్లకి పెంచిన ఆ మినహాయింపుని 2025లో లక్షా నలభై వేలకి పెంచారు. పన్ను కోసం లెక్కగట్టే విలువ కూడా ఏడాదికి పది శాతం మించి పెరగదు. కానీ అడిగితేనే ఇస్తారు. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా!

బడి, ర్యాంకు

ఫోన్లో రెండో ప్రశ్న ఎప్పుడూ స్కూళ్ళ గురించే. చిరునామాలో కేటీ అని ఉన్నంత మాత్రాన అది కేటీ స్కూల్ డిస్ట్రిక్ట్ అనుకోవద్దు. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరు వేసి చూడండి. కొత్త బళ్ళు కట్టినప్పుడల్లా సరిహద్దులు మారుతుంటాయి కూడా.

హైస్కూలు పిల్లలున్న వాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. 1997 చట్టం ప్రకారం తన హైస్కూలు తరగతిలో పై పది శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు దానంతట అదే వస్తుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీలో మాత్రం 2026 ఫాల్ నుంచి అది అయిదు శాతమే. మనవాళ్ళందరం వెతికి వెతికి ఒకే 'టాప్' స్కూలు చుట్టూ ఇళ్ళు కొంటే, మన పిల్లలు మన పిల్లలతోనే పోటీ పడాలి. నూటికి 97 మార్కులు తెచ్చుకున్న పిల్ల "నాన్నా, నేను తెలివితక్కువదాన్నా?" అని అడిగే ఇళ్ళు నేను చూశాను. రేటింగ్ పదికి పది లేకపోయినా, పిల్లలు రాత్రి పదింటికి నిద్రపోయే బడి మంచి బడే.

ఉద్యోగం మాట

ఈ ఊరి పంట చమురు. మెడికల్ సెంటర్, నాసా, ఓడరేవు ఉన్నా, చమురు ధర పడితే ఐటీ ప్రాజెక్టులు ముందు ఆగుతాయి. 2020 ఏప్రిల్ 20న చమురు ధర సున్నా కంటే కిందకి వెళ్ళింది. ఆ నెలల్లో కాంట్రాక్టులు పోయిన మిత్రులు చాలామంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. అందుకని ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. కుదిరితే చమురుతో సంబంధం లేని రంగంలో కూడా నాలుగు పరిచయాలు పెంచుకోండి.

మనవాళ్ళు

ఇక మంచి మాటలు. ఇండియన్ కాన్సులేట్ ఊళ్ళోనే ఉంది. హిల్‌క్రాఫ్ట్ దగ్గర మహాత్మా గాంధీ డిస్ట్రిక్ట్‌లో దొరకని పప్పూ పచ్చడీ లేదు. పేర్లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడి, సుగర్‌లాండ్‌లో అష్టలక్ష్మి గుడి, అక్కడే 2024లో నిలబెట్టిన 90 అడుగుల హనుమంతుడు ఉన్నారు. తెలుగు సంఘం, సాహిత్య సభలు, పిల్లలకి తెలుగు బడులు కూడా ఉన్నాయి.

అయితే వచ్చిన మొదటి నెలలో తెలుగు సంఘంలో చేరడంతో పాటు ఇంకో పని కూడా చెయ్యండి. ఒక డబ్బా లడ్డూలు పట్టుకుని కుడివైపు ఇంటికీ, ఎడమవైపు ఇంటికీ, ఎదురింటికీ వెళ్ళి పరిచయం చేసుకోండి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. వాళ్ళ ఫోన్ నంబర్లు రాసుకుని ఫ్రిజ్ మీద అతికించండి. మా మిత్రుడి కుటుంబాన్ని ఆ రోజు పడవ ఎక్కించింది చేపలు పట్టే సరదా ఉన్న వాళ్ళ వెనకింటాయన. మూడేళ్ళుగా కంచెకి అటూ ఇటూ ఉన్నా వాళ్ళకి ఆయన పేరు ఆ రోజే తెలిసింది.