ప్యాకేజీ లేదు, కుట్టుకోండి

మన కాలేజీలో ప్యాకేజీ అనగానే ప్లేస్‌మెంట్సే గుర్తొస్తాయి. నేను చెప్పేది ఆ ప్యాకేజీ గురించి కాదు. లినక్స్‌లో ఒక్క కమాండ్ కొడితే దిగిపోయే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ గురించి. నాది మొదట్నుంచీ ఇంగ్లీష్ మీడియం, ఒత్తులు ఎక్కడైనా జారితే సర్దుకుపోండి.

పోయిన సెమిస్టర్ సెమినార్‌కి నాకు పడిన టాపిక్ క్యూమెయిల్. డేనియల్ జె. బెర్న్‌స్టీన్ రాసిన మెయిల్ సర్వర్. 1998 నాటి 1.03 వెర్షన్‌నే నడిపి చూపిద్దామని సెలవుల్లో పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నా. చేతిలో ఉన్నది సోర్స్ కోడ్ మాత్రమే. మేక్ అని కొట్టా. ఎర్రర్. ఎర్‌నో అనే వేరియబుల్‌ని అందులో నేరుగా డిక్లేర్ చేశారు, ఇప్పటి సి లైబ్రరీ దానికి ఒప్పుకోదు. ఆ లైను మార్చి మళ్లీ కొట్టా. ఈసారి ఫలానా యూజర్ కనిపించట్లేదంది.

మా నాన్న టైలర్. మిషన్ ఆపి, "ఏంట్రా, పొద్దున్నుంచీ గొణుగుతున్నావ్?" అన్నాడు.

"రెడీమేడ్‌గా దొరకట్లేదు నాన్నా. నేనే కుట్టుకోవాలి."

అనేశాక నాలుక కరుచుకున్నా. ఫస్టియర్‌లో హాస్టల్‌కి వెళ్తూ, "నువ్వు కుట్టినవి వద్దు, రెడీమేడ్ కొనివ్వు" అన్నది నేనే.

నాన్న అదేం గుర్తుచేయలేదు. "మరి కొలతలు ఎవరివి?" అన్నాడంతే.

అక్కడే నాకు లైట్ వెలిగింది. క్యూమెయిల్ కంపైల్ అయ్యేటప్పుడు మన మెషీన్‌లో దాని యూజర్ల నంబర్లు చూసి, వాటిని ప్రోగ్రాం లోపలే కుట్టేస్తుంది. అందుకే ముందు యూజర్లు ఉండాలి. ఆ నంబర్లు ఒక్కో మెషీన్‌లో ఒక్కోలా ఉండొచ్చు. నా కొలతలతో కుట్టింది మీకు పట్టకపోవచ్చు.

దీనికి తోడు లైసెన్స్ ఇంకో ముడి వేసింది. సోర్స్‌ని ఉన్నదున్నట్టు ఎవరైనా పంచొచ్చు. మార్చి, కంపైల్ చేసి పంచాలంటే మాత్రం ఆయన అనుమతి కావాలి. ఏ మెషీన్‌లో చూసినా క్యూమెయిల్ ఒకేలా ఉండాలని ఆయన పట్టు. ఫైళ్లు తమ పద్ధతిలో సర్దుకోవాలని డెబియన్ వాళ్ల పట్టు. అందుకే అప్పట్లో డెబియన్ సోర్స్‌ని ప్యాకేజీగా ఇచ్చి ఊరుకుంది, కుట్టుపని యూజర్‌కే వదిలేసింది. 2007లో ఆయన దాన్ని పబ్లిక్ డొమైన్‌లో పెట్టేశాక ఆ ముడి విడిపోయింది.

జెడ్‌ఎఫ్‌ఎస్‌దీ ఇలాంటి గొడవే. దాని లైసెన్స్ సీడీడీఎల్, లినక్స్ కెర్నల్‌ది జీపీఎల్. రెండూ కలిపి బైనరీగా ఇవ్వొచ్చా అంటే తలో మాట. డెబియన్ సోర్స్ ఇచ్చి మన మెషీన్‌లోనే కంపైల్ చేయిస్తుంది. ఉబుంటు 2016లో రెడీమేడ్‌గానే ఇచ్చేసింది.

ప్యాకేజీ లేదంటే ఎవరో బద్ధకించారని తిట్టుకునేవాణ్ణి. ఉన్న ప్రతి ప్యాకేజీ వెనకా ఎవరో కూర్చుని కుట్టి ఉంటారని ఒక్కసారీ తట్టలేదు. మా షాపులో ఇప్పుడు కొత్త బట్టలకంటే రెడీమేడ్ ప్యాంట్లు పొట్టి చేసే పనే ఎక్కువ.

సాయంత్రానికి క్యూమెయిల్ లేచింది. నాకు నేనే పంపుకున్న మెయిల్ నాకు వచ్చింది. నాన్న దగ్గరికెళ్లి, "సెమినార్‌కి ఒక చొక్కా కుట్టవా?" అని అడిగా. ఆదికి నా ఇంటర్ నాటి చొక్కా కూడా తీసుకెళ్లా.

నాన్న దాన్ని పక్కన పెట్టి, టేపు నా భుజాల మీద పరిచాడు.

"ఇది పనికిరాదురా. పెరిగావు."