వేలిముద్ర – విద్యార్థి – విశ్వాసం

మన ఇళ్లలో వేలిముద్రకు ఒకప్పుడు ఒకే అర్థం ఉండేది. సంతకం చేయలేనివారు వేసేది వేలిముద్ర. తెలుగులో "వేలిముద్రగాడు" అన్నా, ఉర్దూలో "అంగూఠా ఛాప్" అన్నా, అది చదువు లేనితనాన్ని ఎత్తిచూపే మాటే. మా తాతల తరంవారు అప్పు పత్రం మీద బొటనవేలి ముద్ర వేసి, వేలికి మిగిలిన సిరాను తలవెంట్రుకలకు తుడుచుకొనేవారు. వయోజన విద్యా కేంద్రంలో సంతకం నేర్చుకొన్న నాడు వారికి అది పండుగ. అటువంటి పెద్దల మనుమలము, మనుమరాండ్రము అయిన మేము పట్టభద్రులము కాబోతున్న ఈ కాలంలో, మళ్లీ ఆ బొటనవేలినే యంత్రానికి చూపి "మేమే మేము" అని నిరూపించుకోవలసి వస్తున్నది. కాలచక్రం చేసిన ఈ చిత్రమైన పరిహాసాన్ని గురించి నాలుగు మాటలు విన్నవించడమే మా ఉద్దేశం.

ఆన్‌లైన్ చదువు మాకు పరాయి విషయం కాదు. 2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించిన నాటికి మాలో చాలామంది బడిపిల్లలము. ఇంటికి ఒక్కటే ఫోను. దానిని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వంతులవారీగా వాడుకొన్నారు. పేరు పిలిచినప్పుడు పలికిన గొంతు ఎవరిదో ఉపాధ్యాయునికి రూఢిగా తెలిసే మార్గం లేదు. తమ్ముని తరగతికి అక్క హాజరు పలికిన ఇళ్లూ ఉన్నవి. ఆ దినాలలో దానిని ఎవరూ పెద్ద నేరంగా ఎంచలేదు. కాని అదే పద్ధతి పరీక్షకూ పట్టాకూ పాకితే సంగతి వేరు.

నిజానికి దూరవిద్య మన హైదరాబాదుకు కొత్త కాదు. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో వెలుగుతున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లోనే ఇక్కడ నెలకొన్నది. దేశంలో అటువంటి విశ్వవిద్యాలయం అదే మొదటిది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా దూరవిద్య ద్వారా ఉర్దూ మాధ్యమపు చదువును ఎందరి ఇళ్లకో చేర్చింది. ఆ పద్ధతిలో పాఠం ఇంటికి వచ్చినా, పరీక్షకు విద్యార్థి కేంద్రానికి వెళ్లేవాడు. హాల్ టికెట్టుమీది ఫోటోనూ ఎదుట నిలిచిన ముఖాన్నీ పోల్చి చూచే మనిషి అక్కడ ఒకరు ఉండేవారు. ఆన్‌లైన్ విధానంలో పరీక్ష కూడా ఇంటికే వచ్చినప్పుడు, ఆ పోల్చి చూచే కన్ను మాయమైనది. ఆ ఖాళీని పూరించడానికే యంత్రం వచ్చింది.

ఈ అవసరాన్ని ఇతర దేశాలు ముందుగానే గుర్తించినవి. దూరవిద్యలో పేరు నమోదు చేసుకొన్న విద్యార్థీ, చదివి పరీక్ష రాసే విద్యార్థీ ఒకరేనని నిర్ధారించే ఏర్పాటు ఉండాలని అమెరికా 2008 నాటి ఉన్నత విద్యా చట్టంలో నిబంధన పెట్టింది. 2013లో కోర్సెరా అనే సంస్థ, విద్యార్థి ఫోటోతో పాటు అతడు కీబోర్డుమీద అక్షరాలు కొట్టే లయను కూడా గుర్తుగా తీసుకొన్నది. చేతివ్రాత వలెనే టైపు చేసే తీరు కూడా మనిషికొక విధంగా ఉంటుందన్నది దాని ఆధారం. మన దేశంలో 2017లో ప్రారంభమైన "స్వయం" పాఠ్యక్రమాలకు తుది పరీక్షలు కేంద్రాలలో, పర్యవేక్షణలోనే జరుగుతున్నవి.

వేలిముద్ర చరిత్రలో మన ఉపఖండానికి పెద్ద పాలు ఉన్నదని మాలో కొందరికే తెలుసు. 1858లో వంగదేశపు జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, ఒక గుత్తేదారుచేత ఒప్పందంమీద అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత 1877లో హుగ్లీలో, చనిపోయినవారి పేరుతో ఇతరులు పింఛను కాజేయకుండా పింఛనుదార్ల వేలిముద్రలు తీసుకొన్నాడు. ఒకరి పేరుతో మరొకరు రావడమనే రోగమే అప్పటిదీ, ఇప్పటిదీ. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడినది. అక్కడ పనిచేసిన ఖాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయులు, వేలాది ముద్రలను 1024 తరగతులుగా విభజించే గణితపద్ధతిని రూపొందించడంలో ముఖ్యపాత్ర వహించారు. ప్రపంచమంతటా ఆ పద్ధతికి వారి పై అధికారి హెన్రీ పేరే స్థిరపడినది. మనిషిని గుర్తించే విద్యను నిర్మించినవారినే లోకం గుర్తించలేదు. ఒక ముస్లిం యువకుడూ ఒక హిందూ యువకుడూ పక్కపక్కన కూర్చొని సాధించిన ఆ పనిని, రెండు భాషల ఈ సంచికలో స్మరించడం మాకు ఆనందం కలిగిస్తున్నది.

ఇక యంత్రం పనిచేసే తీరు. అది మన వేలినో ముఖాన్నో మనిషి చూచినట్లు చూడదు. గీతలు ఎక్కడ చీలుతున్నవో, ఎక్కడ ఆగుతున్నవో, కన్నుకూ కన్నుకూ ఎంత దూరమో కొలిచి, ఆ కొలతలను అంకెలుగా దాచుకొంటుంది. మరల మనము వచ్చినప్పుడు కొత్త అంకెలను పాతవాటితో పోల్చి, పోలిక ఒక హద్దు దాటితే "అవును" అంటుంది, దాటకపోతే "కాదు" అంటుంది. ఆ హద్దును నిర్ణయించేది మనిషే. హద్దును పెంచితే మోసగాడు లోపలికి రావడం తగ్గుతుంది, కాని నిజమైన విద్యార్థి బయట నిలబడిపోవడం పెరుగుతుంది. తగ్గిస్తే అందుకు విపర్యయం. ఈ రెండు పొరపాట్లూ పూర్తిగా లేని యంత్రం ఇంతవరకు లేదు. నూటికి ఒక్కరి విషయంలో తప్పుతుందనుకొన్నా, వేయిమంది చదివే కళాశాలలో పదిమంది అన్యాయంగా గుమ్మం బయట ఉంటారు.

ఆ పదిమంది ఎవరన్నదే మా ఆవేదన. మా తరగతిలో ఒక సోదరి ఉన్నది. చిన్ననాటినుండి తల్లితోపాటు బీడీలు చుట్టి ఇల్లు నిలిపిన అమ్మాయి. తునికాకును కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, కొస మడిచి, దారం కట్టడం. రోజుకు వందలసార్లు ఆ వేళ్లు అదే పని చేసినవి. ఒక ఆన్‌లైన్ పాఠ్యక్రమపు పరీక్షకు ఆమె వెళ్లినప్పుడు యంత్రం ఆమె వేలిని మూడుసార్లు తిరస్కరించినది. చేయి కడుక్కొని వచ్చింది, వేలు మార్చింది, ఫలితం లేదు. చివరకు అక్కడి పర్యవేక్షకులు ఒకరు దయతలచి ఫోటోనూ సంతకాన్నీ చూచి లోపలికి పంపేసరికి ఇరవై నిమిషాలు గడిచినవి. ఆమె పరీక్ష రాసింది, ఉత్తీర్ణురాలైనది. కాని "నేను నేనే అని చెప్పినా నమ్మలేదు" అని ఆమె అన్న మాట మమ్ములను నేటికీ బాధిస్తున్నది. కష్టం చేసి అరిగిన వేలు, మోసగాని వేలితో సమానమైనది. పత్తి ఏరే చేతులకు, సున్నంలో పనిచేసే చేతులకు, అంట్లు తోమే చేతులకు ఇదే గతి పట్టవచ్చును. ఇటువంటి కళాశాలలకు వచ్చేది ఆ ఇళ్ల బిడ్డలే కదా!

వేలికి బదులు ముఖం చూపితే సరిపోదా అని అడిగేవారు ఉన్నారు. ముఖాన్ని చూచే యంత్రాలకూ పక్షపాతం ఉన్నది. 2018లో జాయ్ బులామ్‌వీని, టిమ్నిట్ గెబ్రు అనే ఇద్దరు పరిశోధకురాండ్రు మూడు సంస్థల యంత్రాలను పరీక్షించారు. ముఖం చూచి స్త్రీయా పురుషుడా అని చెప్పడంలో, తెల్లని పురుషుల విషయంలో తప్పులు నూటికి ఒకటికి మించలేదు. నల్లని స్త్రీల విషయంలో ఒక యంత్రం తప్పులు నూటికి 34 దాటినవి. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక నల్లజాతి విద్యార్థిని, ఆన్‌లైన్ పరీక్షలో యంత్రం తన ముఖాన్ని సరిగా గుర్తించడం లేదనీ, ముఖంమీద దీపం వేసుకొని రాయవలసి వచ్చిందనీ మానవ హక్కుల సంస్థకు ఫిర్యాదు చేసినది. 2022లో ఆ సంస్థ వివక్ష జరిగి ఉండవచ్చునని ప్రాథమికంగా భావించినది. 2023లో తుది నిర్ణయంలో వివక్ష రుజువు కాలేదన్నది, కాని ఆమె ఫిర్యాదును విశ్వవిద్యాలయం మరింత శ్రద్ధగా విచారించి ఉండవలసిందని చెప్పినది. యంత్రం తప్పా ఒప్పా అన్నది ఒక ప్రశ్న. విద్యార్థి మొరను విన్నారా లేదా అన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

మన ఇళ్ల పరిస్థితి వేరు చెప్పనక్కరలేదు. ఒకే గదిలో ఆరుగురు. కెమెరా తెరిస్తే వెనుక నమాజు చేసుకొనే నానమ్మ కనిపిస్తుంది, వంట చేసే తల్లి కనిపిస్తుంది. నిఖాబ్ ధరించే సోదరి తన ముఖచిత్రాన్ని ఎవరో ఎరుగని కంప్యూటరుకు ఇవ్వడానికి సంకోచిస్తుంది. ఈ సంకోచాన్ని వెనుకబాటుతనమని తీసివేయరాదు. పరీక్షకు ముందు విద్యార్థి గదినంతా కెమెరాతో చూపించమనడం రాజ్యాంగ విరుద్ధమని 2022లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ ప్రభుత్వ విశ్వవిద్యాలయం విషయంలో అక్కడి న్యాయస్థానమే తీర్పు చెప్పినది. ఇల్లు ఎవరికైనా ఇల్లే.

మరొక ప్రమాదమున్నది. పాస్‌వర్డు దొంగిలిస్తే మార్చుకోవచ్చు. వేలిముద్ర దొంగిలిస్తే మరొక వేలు మొలవదు. 2018లో మన తెలంగాణలోనే, భూముల రిజిస్ట్రేషను పత్రాలమీది వేలిముద్రల నకళ్లతో రబ్బరు ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు నడిపిన ఉదంతం బయటపడినది. కావున సేకరించడం ఎంత సులభమో, కాపాడడం అంత కష్టం.

ఈ విషయంలో చట్టం మౌనంగా లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించినది. 2018 సెప్టెంబరు 26న వెలువడిన ఆధార్ తీర్పులో నీట్ వంటి పరీక్షలకు ఆధార్‌ను తప్పనిసరి చేయరాదని చెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. పద్దెనిమిదేళ్లు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరమని అది అంటున్నది. ఇంటర్మీడియట్ తరగతులున్న ప్రతి కళాశాలా జ్ఞాపకం ఉంచుకోవలసిన మాట ఇది.

ఇంత చెప్పినందువల్ల యంత్రమే వద్దని మా వాదన కాదు. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకోలేము. ఒకరి బదులు మరొకరు పరీక్ష రాస్తే నష్టపోయేది రాత్రింబవళ్లు చదివిన విద్యార్థే. ఒక్క మోసం బయటపడినా ఆ కళాశాల పట్టాలన్నిటి మీద నీడ పడుతుంది. అసలే "మైనారిటీ కళాశాల పట్టా" అని చులకనగా చూచే ఉద్యోగదాతల ముందు మన పట్టా మచ్చలేనిదై ఉండాలి. అందుచేత తనిఖీ మనకే మేలు. కాని తనిఖీకి ఒక మేర ఉండాలి. యంత్రం చెప్పగలిగింది ఈ వేలు ఎవరిదన్న ఒక్క సంగతే. ఆ జవాబు వెనుక ఉన్న బుద్ధి ఎవరిదో అది చెప్పలేదు. కెమెరాకు కనిపించని చోట కూర్చొని ఒకరు జవాబులు చెబుతుంటే, ముఖం మాత్రం అసలు విద్యార్థిదే అవుతుంది. దానిని కనిపెట్టగలిగింది, ఐదు నిమిషాలు ఎదుట కూర్చోబెట్టుకొని రెండు ప్రశ్నలడిగే అధ్యాపకుడే.

కావున విజ్ఞులైన కమిటీవారికి మా విన్నపాలు ఇవి. వేలు, ముఖం అవసరమైన చోట పరీక్ష ద్వారంవద్ద మాత్రమే అడగాలి, చదువు సాగినంతసేపూ కాపలా పెట్టరాదు. యంత్రం కాదన్నంత మాత్రాన ఏ విద్యార్థి హాజరూ పరీక్షా పోరాదు, ఫోటో, సంతకం చూచి అనుమతించే అధికారం ఒక అధ్యాపకునికి ముందుగానే ఇచ్చి ఉంచాలి. సోదరీమణుల తనిఖీకి మహిళా అధ్యాపకులను నియమించాలి. సేకరించిన కొలతలు ఎక్కడ ఉంటవో, ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపివేస్తారో తెలుగులోను, ఉర్దూలోను రాసి నోటీసు బోర్డుమీద ఉంచాలి. ఇంటివద్ద వసతి లేనివారు కళాశాల కంప్యూటరు గదిలోనే పరీక్ష రాసుకొనే వీలు కల్పించాలి.

తోటి విద్యార్థినీ విద్యార్థులకు కూడా ఒక మాట. మనము ఒకరికొకరు హాజరు పలికినంతకాలం యంత్రం వద్దని అడిగే అర్హత మనకు ఉండదు. మనమీద నమ్మకం పెరిగినకొద్దీ కాపలా తగ్గుతుంది. మన పెద్దలు చదువు లేక వేలిముద్ర వేసినా, ఆ ముద్రతో ఇచ్చిన మాటను నిలుపుకొన్నారు. అక్షరాలు నేర్చిన మనము ఆ మాత్రం చేయలేమా?