చక్రాల మీద కాపురం

క్యారవాన్ అనగానే సినిమా పాఠకులకి గుర్తొచ్చేది హీరోగారి బండి. అవుట్‌డోర్‌లో చెట్టు నీడన ఆపి ఉంటుంది. లోపల ఏసీ, సోఫా, నిలువుటద్దం, బాత్‌రూమ్. షాట్ రెడీ అని అసిస్టెంటు తలుపు తట్టేదాకా హీరోగారు దిగరు. ఒకప్పుడు మన తారలంతా ఎర్రటి ఎండలో గొడుగు కింద మడతకుర్చీ వేసుక్కూర్చున్నవారేనంటే ఇప్పటి కుర్రకారు నమ్మరు. సరే, ఆ బండిలో నీళ్ళు ఎవరు నింపుతారు? బాత్‌రూమ్‌లోంచి వెళ్ళింది ఎక్కడికి వెళుతుంది? దాన్ని ఎవరు ఖాళీ చేస్తారు? హీరోగారికి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు!

మా బావగారికి మాత్రం తెలుసు. ఆయన మా పెదనాన్నగారి అల్లుడు. అమెరికాలో ఫీనిక్స్‌లో ముప్ఫయ్యేళ్ళు ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. అయిన నెలకే 31 అడుగుల సెకండ్‌హ్యాండ్ మోటర్ హోమ్ కొని ఇంటి ముందు నిలబెట్టారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఇల్లు అమ్మేసి ఇహ అందులోనే ఉందామంటున్నారట!

అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వు ఊళ్ళు తిరిగి రాసేవాడివి కదా. ఒక పది రోజులు వచ్చి మాతో తిరుగు. ఆయన చెప్పేదాంట్లో నిజమెంతో, మోజెంతో చూసి చెప్పు. ఈ మోకాళ్ళతో, ఈ వయసులో, ఉన్న ఇల్లు పోగొట్టుకుని రోడ్డున పడమంటాడేవిట్రా?"

అలా నేను జడ్జిగా విమానమెక్కాను. మే నెల.

ముందు బండి సంగతి చెప్పాలి. అమెరికాలో మోటర్ హోములు మూడు రకాలు. బస్సులా ఉండేది క్లాస్ ఏ. వ్యాను లోపలే మంచమూ పొయ్యీ అమర్చింది క్లాస్ బి. లారీ ముఖం మీదికి చూరులా ముందుకొచ్చి, ఆ చూరులో ఒక పడక ఉండేది క్లాస్ సి. మా బావగారిది ఈ మూడోది. చూరు పడక నాకిచ్చారు. లేచి కూర్చుంటే తల కప్పుకి కొట్టుకుంటుంది. మూడో రోజుకి అలవాటైపోయింది. 26,000 పౌన్ల బరువు లోపు బండి నడపడానికి చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సు చాలు. కొనడానికి తొందరపడేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. లైసెన్సు ఉన్నంత మాత్రాన బండి చేతికి రాదు. మలుపు తిప్పితే వెనక్కాల పది అడుగుల తోక అవతలి పక్కకి ఊగి, పక్కవాడి అద్దం పగలగొడుతుంది. అందుకే ఎవరడిగినా నేను చెప్పే మొదటి మాట: ముందు వారం రోజులు అద్దెకి తీసుకోండి. అద్దె ఎక్కువే. కానీ కొత్త మోటర్ హోము షోరూము గేటు దాటగానే పోగొట్టుకునే విలువతో పోలిస్తే అదొక లెక్కలోది కాదు. బావగారు ఆ పని చేయలేదు. "చూడగానే నచ్చిందోయ్" అన్నారు, పెళ్ళిచూపుల మాటలా.

పాతది కొంటే చూడాల్సినవి రెండు. ఒకటి కప్పు. కప్పు మీద కిటికీల చుట్టూ, గొట్టాల చుట్టూ పూసిన జిగురు ఎండకి పగిలితే వాన నీళ్ళు గోడలోకి దిగి, చెక్క లోపల్లోపలే కుళ్ళిపోతుంది. లోపల మూలల్లో వేలితో నొక్కి చూడాలి. మెత్తగా ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయాలి. రెండోది టైర్లు. ఈ బళ్ళు ఏడాదిలో ఎక్కువ భాగం నిలబడే ఉంటాయి కనక టైరు అరగదు, చూడ్డానికి కొత్తగా ఉంటుంది. కానీ రబ్బరు ముసలిదైపోతుంది. టైరు పక్కన కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆరేడేళ్ళు దాటితే, ఎంత నిగనిగలాడినా మార్చాల్సిందే.

మొదటి మజిలీ గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచు. అక్కడ మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగుదామని బావగారి ప్లాను. అక్కడ 30 అడుగులు దాటిన బండికి చోటివ్వరు. మాది 31! ఒక్క అడుగు! అక్క ముసిముసిగా నవ్వింది. అదృష్టం బాగుండి పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో ఎవరో రద్దు చేసుకున్న చోటు దొరికింది. అక్కడ కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ మూడూ బండికి తగిలించుకోవచ్చు. మేథర్‌లో ఈ మూడూ ఉండవు. వేసవిలో ఇలాంటి చోట్లకి నెలల ముందే రిజర్వు చేసుకోవాలి. బండి పొడవూ ఎత్తూ కాగితం మీద రాసి స్టీరింగు ఎదురుగా అంటించుకోవాలని నేను ఆ రోజే సలహా ఇచ్చాను. జయన్ పార్కు సొరంగం మా ప్లానులోంచి తీసేసింది కూడా ఆ కాగితమే. 1930లో కట్టిన ఆ సొరంగం పెద్ద బళ్ళ కోసం కట్టింది కాదు. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు దాటిన బండి అందులో తన వరసలో తాను పోలేదు.

అక్క వంట మొదలుపెట్టింది. పోపులో ఎండుమిరపకాయ పడిందో లేదో, నెత్తిమీద పొగ అలారం కుయ్యోమంది. పక్క బండివాళ్ళు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు! మర్నాటి నుంచి పోపు బయట, బల్ల మీద చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకుని. ఇంకో చిత్రం: ఆ అంచు సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తు. అక్కడ నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి. గంటసేపు ఉడికినా కందిపప్పు పలుకుపలుకుగానే ఉంది. కుక్కర్ ఇంట్లో మర్చిపోయింది అక్క. మన తెలుగువాళ్ళు ఎవరైనా కొండల్లోకి ఈ బండిలో వెళితే పాస్‌పోర్టు మర్చిపోయినా ఫరవాలేదు, కుక్కర్ మరవకూడదు!

కరెంటు సంగతి కూడా వంటతోనే తెలిసింది. మా బండికి 30 ఆంపియర్ల లైను. 120 వోల్టుల మీద లెక్కకడితే మొత్తం 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే 1,500 దాకా తింటుంది, మైక్రోవేవ్ మరో 1,500. దానికి తోడు అక్క రైస్‌కుక్కర్ పెట్టింది. ఫట్! బ్రేకర్ పడిపోయింది. ఏది వేస్తే ఏది ఆపాలో ఇంటిల్లిపాదికీ తెలియాలి. ఫ్రిజ్ గ్యాసు మీద కూడా నడుస్తుంది గానీ బండి ఒక పక్కకి ఒరిగి ఉంటే సరిగా చల్లబడదు. అందుకని ఆపిన చోట చక్రాల కింద చెక్కలు పెట్టి సమం చేసుకోవాలి. పెట్రోలు పోయించేటప్పుడు గ్యాసు సిలిండరు కట్టేయాలి. ఇది మాత్రం ఎప్పుడూ మర్చిపోకూడనిది.

అక్కణ్ణించి కెమెరాన్ మీదుగా మాన్యుమెంట్ వ్యాలీకి. ఇది నవాహోల దేశం. ఇక్కడ గడియారం మోసం చేస్తుంది. అరిజోనా రాష్ట్రం వేసవిలో గడియారం మార్చదు, నవాహో ప్రాంతం మారుస్తుంది. ఆఫీసు మూసేలోగా వచ్చేశామని సంబరపడుతూ వెళ్ళాం. మా గడియారానికి గంట ముందే అక్కడ మూసేశారు. రాత్రి ఎక్కడ ఆగాలో తెలియక, కయెంటాలో ఒక దుకాణం మేనేజరు దగ్గరికెళ్ళి అడిగి, అతను సరేనంటే వెనక పార్కింగులో పడుకున్నాం. అడగకుండా ఆగకూడదు. అడిగితే చాలామంది కాదనరు.

మర్నాడు పొద్దున్న ఆ లోయ చూశాను. సినిమా పిచ్చి ఉన్నవాడికి అది కాశీయాత్ర! ఎర్రటి నేల మీద గోపురాల్లాంటి రాళ్ళు. 1939లో జాన్ ఫోర్డ్ 'స్టేజ్‌కోచ్' తీసింది ఇక్కడే. జాన్ వేన్‌ని స్టార్‌ని చేసిన సినిమా అది. ఆ తర్వాత ఫోర్డ్ మళ్ళీ మళ్ళీ ఇక్కడికే వచ్చాడు. 1956లో 'ది సెర్చర్స్' కూడా ఈ లోయదే. ఆయన కెమెరా పెట్టిన చోటుకి ఈనాటికీ జాన్ ఫోర్డ్ పాయింట్ అనే పేరు. ఉత్తరాన రోడ్డు మీద ఇంకో చోటుంది. 1994లో వచ్చిన 'ఫారెస్ట్ గంప్'లో టామ్ హాంక్స్ పరుగెత్తీ పరుగెత్తీ ఇక చాలని ఆగిపోయేది అక్కడే. జనం రోడ్డు మధ్య నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. వెనక నుంచి మాలాంటి బళ్ళు వస్తుంటాయి, చప్పున ఆగవు. దయచేసి పక్కకి నిలబడండి!

లోయలోకి 17 మైళ్ళ మట్టిరోడ్డుంది. మోటర్ హోములని దాని మీదికి రానివ్వరు. బండి పైన ఆపి, నవాహో గైడు జీపులో వెళ్ళాం. చాలామంది మోటర్ హోము వెనక చిన్న కారు ఎందుకు లాక్కెళతారో అప్పుడు అర్థమైంది. ఇల్లు ఒక చోట నిలిపాక, పాలప్యాకెట్టు కోసం ఇల్లంతా తీసుకుని వెళ్ళలేం కదా!

ఆ రాత్రి అక్క మెత్తబడింది. కిటికీ తెర తీసి మంచం మీంచే ఆ గోపురాలని చూస్తూ, "మోకాళ్ళు నొప్పెట్టకుండా ఇంత దూరం వచ్చానా!" అంది. బావగారు నా వంక చూసి కన్నుకొట్టారు. కేసు గెలిచేసినట్టే అనుకున్నారు పాపం.

పేజ్ ఊరు దాటి దక్షిణానికి వస్తుంటే 89వ నంబరు రోడ్డు ఒక్కసారిగా కొండ కోసుకుని లోయలోకి దిగుతుంది. 2013లో ఈ కొండ జారి రోడ్డు విరిగిపోతే రెండేళ్ళు మూసేశారు. బావగారు దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి, తీయలేదు. రెండు నిమిషాలకి కాలిన వాసన. మూడో నిమిషానికి, "బ్రేకు మెత్తగా పోతోందోయ్" అన్నారు. గొంతు మారిపోయింది. అక్క వెనక సీటు పట్టుకుని కళ్ళు మూసుకుంది. కుడిపక్కన గోడలాంటి కొండ. ఎడంపక్కన ఏమీ లేదు.

"గేరు తగ్గించండి బావగారూ!" అని అరిచాను. తగ్గించారు. ఇంజను కీచుమని మూలిగి బండిని పట్టుకుంది. వెడల్పు చోటు రాగానే ఆపారు. చక్రాల్లోంచి సన్నగా పొగ. అరగంటసేపు ఎవరం మాట్లాడలేదు.

చెప్పొచ్చేదేమిటంటే, ఈ బండి దిగుడులో బ్రేకుతో కాదు, గేరుతో దిగాలి. దిగుడు మొదలుకాకముందే చిన్న గేరులోకి రావాలి. బ్రేకు గట్టిగా ఒకసారి నొక్కి, వేగం తగ్గాక వదిలేయాలి. కాలు దానిమీదే ఉంచితే వేడెక్కి చచ్చిపోతుంది. ఇంకోటి బరువు. బండి తలుపు దగ్గర అంటించిన కాగితంలో ఎంత మోయొచ్చో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. మా ట్యాంకులో 45 గాలన్ల నీళ్ళు, అంటే 170 కిలోలు. అక్క సర్దిన రెండు బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు. బావగారి పనిముట్ల పెట్టె. 1954లో 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్' అని ఒక హాస్యచిత్రం వచ్చింది. అందులో లూసిల్ బాల్ దారిలో దొరికిన రాళ్ళన్నీ ముచ్చటపడి ట్రైలర్‌లో దాస్తుంది, కొండ ఎక్కేటప్పుడు మొగుడి ప్రాణం పోతుంది. హాల్లో నవ్వొస్తుంది. డ్రైవరు పక్కన కూర్చుంటే రాదు.

పొగ ఆరాక అక్క నెమ్మదిగా అంది. "చూడండి. ఇల్లు అమ్మితే, ఇలాంటిది జరిగిన రోజు మనం తిరిగి వెళ్ళేదెక్కడికి?" బావగారు జవాబు చెప్పలేదు. ఆయన అలా మౌనంగా ఉండటం నేను చూడ్డం అదే మొదలు.

సాయంత్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లో ట్యాంకులు ఖాళీ చేశాం. హీరోగారికి అవసరంలేని సంగతి ఇదే. బండి కింద రెండు ట్యాంకులుంటాయి. స్నానాల, గిన్నెల నీళ్ళది గ్రే. బాత్‌రూమ్‌ది బ్లాక్. బ్లాక్ వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీళ్ళు పోయి మిగిలింది గట్టిపడిపోతుంది. మూడింట రెండొంతులు నిండాక, ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే వదలాలి. సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. చేతికి గ్లవ్స్. తాగే నీళ్ళ గొట్టం వేరే అరలో, వేరే రంగులో. 2006లో వచ్చిన 'ఆర్.వి.'లో రాబిన్ విలియమ్స్ మీద ఈ ట్యాంకు ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతుంది. గొట్టం బిగించలేదని బావగారి మీద కూడా... వద్దులెండి. మన చెంబు అలవాటు మాత్రం ఇక్కడ కలిసొచ్చింది. ఆ ట్యాంకులోకి నీళ్ళు ఎంత ఎక్కువ పోతే అంత సుఖం. కాకపోతే తొందరగా నిండుతుంది. గిన్నెల్లో నూనె మాత్రం కాగితంతో తుడిచాకే కడగాలి.

ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఫీనిక్స్‌కి దాదాపు 7,000 అడుగుల నుంచి 1,100 అడుగులకి దిగాలి. ఆ దిగుడంతా బావగారు చిన్న గేరులోనే వచ్చారు. వెనక లారీలు హారన్లు కొట్టినా తొణకలేదు. మొత్తం 800 మైళ్ళు, 100 గాలన్ల పెట్రోలు. లీటరుకి మూడున్నర కిలోమీటర్లు! హోటళ్ళకయ్యే ఖర్చు మిగులుతుందని కొనేవాళ్ళు ఈ లెక్క, దాంతోపాటు ఇన్సూరెన్సు, బండి నిలిపే చోటు అద్దె, మరమ్మతు అన్నీ కలిపి చూసుకోవాలి. ఏడాదికి మూడు వారాలు తిరిగేవాళ్ళకి అద్దె బండే చవక. ఆర్నెల్లు తిరిగేవాళ్ళకైతే ఆలోచించవచ్చు.

నా తీర్పు అడిగారు. ఇల్లు అమ్మవద్దు, బండీ అమ్మవద్దు, ఒక్క చలికాలం తిరిగి చూడండన్నాను. అక్క తన షరతులు తాను పెట్టింది. బ్లాక్ ట్యాంకు పని బావగారిదే. కొండదారి ఏదైనా ముందురోజే తనకి చెప్పాలి. ఒక్క బియ్యం బస్తా చాలు. బావగారు వీటన్నిటికీ ఒప్పుకుని, నాలుగోదిగా తన షరతు ఒకటి చేర్చారు: పచ్చడి జాడీలు సగానికి తగ్గాలి.

ఆ షరతు మీద ఇంకా రాజీ కుదరలేదు. మొన్న జనవరిలో అక్క క్వార్ట్‌జైట్ నుంచి ఫోన్ చేసింది. అది ఎడారి ఊరు. 'నోమాడ్‌లాండ్'లో ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్ తిరిగిన ఊళ్ళలో అదొకటి. చలికాలంలో వేల బళ్ళు అక్కడ చేరతాయి. "పక్కబండి ఆవిడ మన ఆవకాయ అడిగిందిరా. ఈసారి వచ్చేటప్పుడు అమ్మ పెట్టింది ఒక జాడీ తీసుకురా. మీ బావగారికి మాత్రం చెప్పకు."